ఉపకులపతులకు బహిరంగ లేఖ: కెటలిస్టులు చేస్తున్నాం సరే, పరీక్షించేది ఎక్కడ?

జేఎన్టీయూ గురజాడ, విజయనగరం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ఎచ్చెర్ల, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, విజయనగరం ఉపకులపతులకు

గౌరవనీయులకు నమస్కారం.

నేను చీపురుపల్లి వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకునే మాస్టారిని. మీ మూడు విశ్వవిద్యాలయాల్లో దేనికీ ఉద్యోగిని కాను. విడివిడిగా వినతిపత్రాలు ఇస్తే దేని దారి దానిదే అవుతుంది. నేనడిగేది మీ ముగ్గురూ ఒకచోట కూర్చుంటేనే అయ్యే పని కాబట్టి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అడిగేదేమిటో ముందే చెప్పేస్తాను. నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీయడానికి, ఆ హైడ్రోజన్‌ని ఫ్యూయెల్ సెల్లో వాడి మళ్లీ కరెంటు తీయడానికి కెటలిస్టులు, అంటే ఉత్ప్రేరకాలు కావాలి. ప్లాటినం, ఇరిడియం లాంటి ఖరీదైన లోహాలు లేకుండా వీటిని చేయాలని ప్రపంచమంతా ప్రయత్నిస్తోంది. మన ల్యాబుల్లోనూ చేస్తున్నారు. అలా చేసిన కెటలిస్టులను వందలు, వేల గంటలు ఆపకుండా నడిపి, నిలబడేదేదో పడిపోయేదేదో నిష్పక్షపాతంగా తేల్చే ఉమ్మడి పరీక్షా కేంద్రం ఒకటి విజయనగరం, శ్రీకాకుళం, మన ఈ రెండు జిల్లాల్లో ఎక్కడైనా పెట్టండి. ఎచ్చెర్లలో పెట్టినా, ద్వారపూడిలో పెట్టినా, కొండకరకంలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఏ జిల్లాకి దక్కాలన్న గొడవ మాత్రం మొదలుపెట్టకండి, దాంతోనే రెండేళ్లు గడిచిపోతాయి.

ఇప్పుడే ఎందుకంటారా? 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం వచ్చి, అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర పెట్టే గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటుతో తీసే హైడ్రోజన్) హబ్‌కి అక్కడి నుంచే శంకుస్థాపన చేశారు. ఎన్టీపీసీ వాళ్లది. పెట్టుబడి 1,85,000 కోట్ల రూపాయలని, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్ తీస్తామని ప్రకటించారు. విజయనగరం నుంచి రెండు మూడు గంటల ప్రయాణం. ఆ రోజు నుంచి మన కాలేజీల్లో సెమినార్ పెట్టినా, గెస్ట్ లెక్చర్ పెట్టినా హైడ్రోజన్ మాటే. ‘మన పిల్లలకి ఉద్యోగాలొస్తాయా?’ అని తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు. ఏ ఉద్యోగాలు, ఏ పని నేర్చుకున్నవాళ్లకి అని నేను మిమ్మల్ని అడుగుతున్నాను.

ముందు కొంచెం లెక్క చూద్దాం. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. నిజంగా నడిచే యంత్రాల్లో 1.8 నుంచి 2 వోల్టుల దాకా పెట్టాల్సి వస్తుంది. ఆ పైన పెట్టేదాంట్లో పెద్ద వాటా ఎలక్ట్రోడు దగ్గర చర్యను ముందుకి నెట్టడానికే పోతుంది. దాన్ని తగ్గించడమే కెటలిస్ట్ పని. కిలో హైడ్రోజన్ తీయడానికి సెల్లోంచి పోవాల్సిన కరెంటు మారదు కాబట్టి, వోల్టేజీ 0.1 వోల్టు తగ్గితే కిలోకి సుమారు 2.66 యూనిట్లు మిగులుతాయి. వినడానికి చిన్న విషయమే. రోజుకి 1,500 టన్నుల మీద లెక్కేయండి, దాదాపు 40 లక్షల యూనిట్లు. ఒక్క రోజుకి! కరెంటు చార్జీలు పెరిగినప్పుడల్లా బొబ్బిలి, గరివిడి వైపు ఫెర్రో ఎల్లాయ్స్ ఫర్నేసులు చల్లారిపోవడం చూసిన మనకి యూనిట్ల విలువ వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక లోహాల సంగతి. నీటిని విడగొట్టే యంత్రాల్లో ఇప్పుడు ప్రధానంగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి ఆల్కలైన్, పాత పద్ధతి. 25–30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, 80 డిగ్రీల వేడి, నికెల్ ఎలక్ట్రోడులు. దీనికి ఖరీదైన లోహం అవసరమే లేదు. 1960ల మొదట్లోనే పంజాబ్‌లోని నంగల్‌లో భాక్రా కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ హైడ్రోజన్‌తో ఎరువులు చేశారు. మన దేశానికి ఇదేమీ కొత్త విద్య కాదు. రెండోది పీఈఎం, అంటే ప్రోటాన్లను దాటించే పల్చటి పొర వాడే పద్ధతి. యంత్రం చిన్నది, ఎండ పెరిగినా తగ్గినా దానికి తగ్గట్టు వెంటనే సర్దుకుంటుంది, సోలార్ కరెంటుకి బాగా నప్పుతుంది. చిక్కేమిటంటే ఆ పొర ఆమ్ల గుణం కలది. ఆక్సిజన్ వచ్చే వైపు ఆమ్లమూ ఉంటుంది, పైన అంత వోల్టేజీ. నికెల్, ఇనుము, కోబాల్టు అక్కడ కరిగిపోతాయి. ఇరిడియం ఆక్సైడ్ మాత్రం తట్టుకుంటుంది.

ప్రపంచమంతా కలిపి ఏడాదికి తీసే ఇరిడియం ఏడెనిమిది టన్నులు. అదీ ప్లాటినం గనుల్లో ఉప ఉత్పత్తిగా వచ్చేది, ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా నుంచి. ధర ఎక్కువ ఇస్తామన్నా ఎక్కువ రాదు, ప్లాటినం ఎంత తవ్వితే దాన్ని బట్టే ఇది. ఇప్పటి పీఈఎం యంత్రాలకి మెగావాటుకి ఇంచుమించు 400 గ్రాములు పడుతుంది. పూడిమడకలో రోజుకి 1,500 టన్నులంటే, కిలోకి 50 యూనిట్ల చొప్పున, రాత్రీ పగలూ ఆగకుండా నడిచినా 3,100 మెగావాట్ల యంత్రాలు కావాలి. సోలార్, గాలి కరెంటుతో సగం సమయమే నడిస్తే దానికి రెట్టింపు. అన్నీ పీఈఎం పెడితే ఇరిడియం ఒకటింపావు నుంచి రెండున్నర టన్నులు, అంటే ప్రపంచ ఉత్పత్తిలో ఆరో వంతు నుంచి మూడో వంతు దాకా. మన రాష్ట్రంలో ఒక్క ప్రాజెక్టుకి! 2030 నాటికి దేశం మొత్తం మీద ఏటా 50 లక్షల టన్నులని జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ పెట్టుకున్న లక్ష్యం. దానికి ఇదే లెక్క వేస్తే ప్రపంచంలో ఒక ఏడాది ఇరిడియం అంతా తెచ్చినా చాలదు. అందుకే ఖరీదైన లోహాలు లేని కెటలిస్టు అన్నది ల్యాబు సరదా కాదంటున్నాను.

ఈ రెండింటి మధ్యా ఏఈఎం అని మూడో దారి ఉంది. పీఈఎం లాగే పొర ఉంటుంది, కానీ క్షార గుణంతో. కాబట్టి నికెల్, ఇనుము లాంటి చవక లోహాలు సరిపోతాయి. ఆ పొర ఎన్నాళ్లు మన్నుతుందన్నదే ఇంకా తేలాలి, వేడి క్షారంలో దాని రసాయనమే నెమ్మదిగా తెగిపోతుంటుంది. నా అంచనా ప్రకారం మనలాంటి చోట పని చేయదగ్గది ఈ క్షారం వైపే. ఎందుకో చెప్పడానికి నికెల్ కథ ఒకటి చెప్పాలి.

క్షారంలో ఆక్సిజన్ విడుదలకి నికెల్ హైడ్రాక్సైడ్ మంచి కెటలిస్ట్ అని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1987లో కొరిగన్ అనే ఆయన ఆ మంచితనంలో చాలా భాగం నికెల్‌ది కాదని, ద్రావణంలో ఎక్కడో మూల దాగిన ఇనుముదని చూపించారు. 2014లో అమెరికాలో బోచర్ బృందం దాన్ని గట్టిగా నిరూపించింది. ఇనుము పూర్తిగా తీసేసిన ద్రావణంలో నికెల్ హైడ్రాక్సైడ్ దాదాపు నీరసంగా ఉంటుంది. కొద్దిగా ఇనుము కలిస్తే చెలరేగిపోతుంది. అక్కడి నుంచే నికెల్–ఇనుము కలిసిన పొరల హైడ్రాక్సైడ్ ఈ రంగంలో అందరికీ కొలబద్ద అయింది.

ఇది మన ల్యాబులో ఎలా కనబడుతుందో చెబుతాను. ఈ మధ్య ఒక ఎమ్మెస్సీ అమ్మాయి నికెల్ ఫోమ్ ముక్క మీద ఏదో కొత్త సల్ఫైడ్ పూత వేసింది. మొదటి రోజు కొలతలు ఫరవాలేదు. మర్నాడు అదే ముక్క ఇంకా బాగా పనిచేసింది, మూడో రోజు ఇంకా బాగా. క్లాసంతా సంబరపడింది. ఆ అమ్మాయి మాత్రం పొటాషియం హైడ్రాక్సైడ్ సీసా తెచ్చి లేబుల్ చదివింది. ఇనుము గరిష్ఠంగా 0.001 శాతం. ఒక మోలార్ ద్రావణం లీటరుకి 56 గ్రాముల క్షారం, అంటే అర మిల్లీగ్రాము పైన ఇనుము. రోజూ కొంచెం కొంచెంగా వెళ్లి ఎలక్ట్రోడులో కూర్చుంటోంది. దాన్ని తీసేసే పద్ధతి అదే 2014 పేపర్లో ఉంది. స్వచ్ఛమైన నికెల్ నైట్రేట్‌తో నికెల్ హైడ్రాక్సైడ్ అవక్షేపం చేసి, కడిగి, క్షార ద్రావణంలో వేసి బాగా కుదిపితే ఇనుమంతా దానికి అంటుకుంటుంది. సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరిన ద్రావణం వంపుకోవడమే. అంతా ప్లాస్టిక్ సీసాల్లోనే చేయాలి, గాజు అయితే క్షారం దాన్ని తినేసి అందులోని మలినాలు కూడా ద్రావణంలోకి తెచ్చిపెడుతుంది. శుద్ధి చేసిన ద్రావణంలో పెట్టేసరికి కొత్త సల్ఫైడ్ పూత మామూలు నికెల్‌కి అటూ ఇటూగా నిలబడింది. ఆ అమ్మాయికి పేపరు పోయింది. నన్నడిగితే ఆ బ్యాచ్‌లో రీసెర్చి చేసింది ఆ ఒక్క పిల్లే.

ఇలాంటిదే ఇంకొకటి, ఆమ్లం వైపు. ‘ప్లాటినం లేని హైడ్రోజన్ కెటలిస్ట్’ అని రాసి, అదే ప్రయోగంలో రెండో ఎలక్ట్రోడుగా ప్లాటినం తీగ వాడతారు. వోల్టేజీ తిరుగుతున్న కొద్దీ ఆ తీగ లోంచి ప్లాటినం కొంచెం కరిగి, వచ్చి కెటలిస్ట్ మీద పూతలా పడుతుంది. వోల్టేజీ వెయ్యిసార్లు పెంచి దించాక ‘మా కెటలిస్ట్ వాడే కొద్దీ మెరుగుపడింది’ అని ఆనందంగా రాసేస్తారు. గ్రాఫైట్ కడ్డీ వాడితే పోయేదానికి! అలాంటి పేపర్లు ప్రపంచమంతా ఉన్నాయి, మన దగ్గరా ఉన్నాయి. ఎవరిదీ పేరు చెప్పను.

ఎందుకిలా అంటే, మన వ్యవస్థలో లెక్కకి వచ్చేది పేపర్ల సంఖ్య. చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఓవర్‌పొటెన్షియల్, అంటే సిద్ధాంతం చెప్పేదానికి పైన పెట్టాల్సిన వోల్టేజీ ఎంత, పది గంటలో ఇరవై గంటలో నడిపిన గ్రాఫ్ ఒకటి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలు నాలుగు. పేపరు అయిపోయింది. నిజం యంత్రంలో చదరపు సెంటీమీటరుకి 500 మిల్లీ ఆంపియర్లు, ఒక ఆంపియర్, ఆ పైన కూడా పోతుంది. చల్లని పలచని ద్రావణం ఉండదు, 80 డిగ్రీల చిక్కటి క్షారం ఉంటుంది. ఏళ్ల తరబడి నడవాలి. బుడగలే పూతని ఊడబెరికేస్తాయి. పది గంటల గ్రాఫ్ చూసి ఆ కెటలిస్ట్‌ని నమ్మడమంటే పెళ్లిచూపుల్లో చూసి కాపురం ఎలా ఉంటుందో చెప్పేయడమే.

ఇంకో సంగతి. యంత్రం నడుస్తున్నప్పటికంటే ఆగినప్పుడు ఎక్కువ దెబ్బతింటుంది. సోలార్ కరెంటు సాయంత్రం పోతుంది. ఆపగానే ఎలక్ట్రోడుల మధ్య మిగిలిన చార్జి వెనక్కి పారుతుంది, బ్యాటరీ ఖాళీ అయినట్టు. అప్పుడు హైడ్రోజన్ వైపున్న నికెల్ ఆక్సీకరణ చెందుతుంది. మాలిబ్డినం కలిపి ఉంటే అది కరిగిపోతుంది. రోజుకోసారి ఆగితే ఏడాదికి 365 సార్లు ఈ దెబ్బ. కాబట్టి ఆపకుండా నడిపే పరీక్ష ఒక్కటే చాలదు, ఆపి మళ్లీ మొదలెట్టే పరీక్ష కూడా పెట్టాలి. మన ఊళ్లలో కరెంటు పోకడ చూస్తే దీనికి మనకంటే అనువైన చోటు ఉండదేమో! హాస్యానికే అన్నాను గానీ, పరీక్షా కేంద్రానికి మంచి బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. ఎప్పుడు ఆగాలో మనం నిర్ణయించాలి, సబ్‌స్టేషన్ కాదు.

మాంగనీస్ మాట ఎత్తకుండా విజయనగరం నుంచి ఈ విషయం మీద ఉత్తరం రాయలేను. దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైందే ఇక్కడ, 1890ల్లో. గర్భాం, కోడూరు, గరివిడి పేర్లు భూగర్భ శాస్త్రం చదివినవాళ్లందరికీ తెలుసు. ఫెర్మర్ అనే శాస్త్రవేత్త కోడూరు పేరు మీద ఒక రాయికి కోడురైట్ అని పేరు కూడా పెట్టారు, అది ఈనాటికీ పుస్తకాల్లో ఉంది. మన కాలేజీ సిలబస్‌లో మాత్రం నాకు కనబడలేదు. సరే, అది పక్కన పెడదాం.

నీటిని విడగొట్టడంలో మాంగనీస్‌కి అందరికంటే పాత అనుభవం ఉంది. ప్రతి పచ్చని ఆకులో, కిరణజన్య సంయోగక్రియలో, నీటి నుంచి ఆక్సిజన్ తీసేది నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం పరమాణువులున్న చిన్న గుంపు. దాని కచ్చితమైన నిర్మాణాన్ని 2011లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. అదేమీ చిరకాలం మన్నే సరుకు కాదు. ఎండ గట్టిగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని ఉండే ప్రోటీన్‌ని ఇంచుమించు అరగంటకోసారి మొక్క మార్చేసుకుంటుంది. మన యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ‘ఆకుని చూసి నేర్చుకుందాం’ అనే ఉపన్యాసాలని నేను కాస్త అనుమానంగానే వింటాను.

అసలు ఆశ ఇంకో చోట ఉంది. మాంగనీస్ డయాక్సైడ్‌ని ఆమ్లంలో పెట్టి వోల్టేజీ పెంచుతూ పోతే ఒక చోట ద్రావణం గులాబీ రంగు తిరుగుతుంది. టైట్రేషన్ చేసిన ఏ ఇంటర్ పిల్లాడికైనా ఆ రంగు తెలుసు, పర్మాంగనేట్. అంటే కెటలిస్ట్ కరిగిపోతోందన్నమాట. జపాన్‌లోని రికెన్ సంస్థలో నకమురా బృందం 2019లో చెప్పిందేమిటంటే, ఆ గులాబీ రంగు మొదలవడానికి ముందు ఒక వోల్టేజీ కిటికీ ఉంది, అందులో ఆక్సిజన్ వస్తుంది గానీ మాంగనీస్ కరగదు. ఆ కిటికీ దాటకుండా 8,000 గంటలు నడిపి చూపించారు. తక్కువ కరెంటే, చదరపు సెంటీమీటరుకి 10 మిల్లీ ఆంపియర్లే. అయినా ఆమ్లంలో, ఇరిడియం లేకుండా, అన్ని నెలలు! ఆ పేపరుకి విలువ తెచ్చింది కొత్త పదార్థం కంటే ఆ ఓపిక. ఆ తర్వాత కోబాల్టు కలిపిన మాంగనీస్ ఆక్సైడ్‌తో కరెంటు 200 మిల్లీ ఆంపియర్లకి పెంచి రెండు నెలలు నడిపారు.

ఇది చదివి ఎవరూ ‘గరివిడి మాంగనీస్‌కి మహర్దశ’ అని పేపర్లో హెడ్డింగ్ పెట్టకండి. కెటలిస్ట్‌కి పట్టే మాంగనీస్ చాలా కొద్ది, దానివల్ల ఏ గనీ తెరుచుకోదు. పైగా ముడి ఖనిజంలో ఇనుము, భాస్వరం, సిలికా ఉంటాయి, శుద్ధి చేయకుండా పనికిరాదు. మనకున్న ఆస్తి గనిలో కాదు, గని పక్క ల్యాబులో ఉంది. ఖనిజంలో మాంగనీస్ ఎంత, ఇనుము ఎంత, భాస్వరం ఎంత అని తరాలుగా కొలుస్తున్న కెమిస్టులు మన జిల్లాలో ఉన్నారు. చాలామంది రిటైరై చీపురుపల్లిలో, గరివిడిలో, బొబ్బిలిలో ఇంటి దగ్గరే ఉన్నారు. శాంపిల్ లేకుండా చేసే బ్లాంక్ ప్రయోగం ఎందుకు చేయాలో, ఒకే శాంపిల్ మూడుసార్లు ఎందుకు చూడాలో వాళ్లకి చెప్పనక్కర్లేదు. లెక్క తప్పు పడితే లారీ లోడు వెనక్కి వచ్చే ఉద్యోగాలు చేశారు వాళ్లు. పైన చెప్పిన ఇనుము కథలో ముఖ్యమైన నైపుణ్యం సరిగ్గా అదే. మా పీహెచ్‌డీ విద్యార్థుల్లో సగం మందికి ఆ అలవాటు లేదు. ఆ కెమిస్టుల్ని గౌరవవేతనం మీద పిలవండి, వస్తారు.

ఫ్యూయెల్ సెల్ వైపు కొంచెమే చెబుతాను, అక్కడ పని ఇంకా కష్టం. ఆక్సిజన్‌ని నీరుగా మార్చే వైపే ప్లాటినం ఎక్కువ పడుతుంది. 1964లో జాసిన్స్కీ అనే ఆయన కోబాల్టు థాలోసయనిన్ ఆ పని చేయగలదని చూపించారు, రంగుల పరిశ్రమలో వాడే పదార్థాల కుటుంబమే అది. ఈనాడు ఇనుము, నత్రజని, కర్బనం కలిపి కాల్చి చేసే కెటలిస్టులు దాని వారసులు. ఇనుము చుట్టూ నాలుగు నత్రజనులు, మన రక్తంలోని హీమ్‌లో ఉన్నట్టే. మొదటి గంటల్లో అద్భుతంగా పనిచేస్తాయి, ఆ తర్వాత జారుడు. చర్యలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇనుముతో కలిసి కర్బనాన్నే కొరికేస్తుంది. 2017లో కెనడా ఫ్యూయెల్ సెల్ కంపెనీ బల్లార్డ్, జపాన్ కంపెనీ నిషిన్బోతో కలిసి ఖరీదైన లోహం లేని కెటలిస్ట్‌తో చిన్న ఫ్యూయెల్ సెల్ తెచ్చింది, పదుల వాట్ల స్థాయిలో. కార్లకీ బస్సులకీ ఇంకా ప్లాటినమే. క్షారంలో అయితే మాంగనీస్ ఆక్సైడ్ ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది, హియరింగ్ ఎయిడ్‌లో వేసే జింక్–ఎయిర్ బటన్ సెల్ అదే. 2018లో తిత్లీ తుపాను తర్వాత పలాస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేక జనం పడిన పాట్లు చూసినవాళ్లకి, చవకైన బ్యాకప్ కరెంటు ఎందుకు కావాలో వివరించనక్కర్లేదు.

పలాస అన్నాను కాబట్టి ఒక మాట. ఇక్కడి జీడి పిక్కల తొక్కతో, ఉద్దానం కొబ్బరి పీచుతో, ఇంకా చింతగింజలతో కర్బనం చేసి కెటలిస్ట్ అని రాసే ప్రాజెక్టులు మన దగ్గర చాలా వస్తున్నాయి. స్థానిక వ్యర్థానికి విలువ అంటే వినడానికి బాగుంటుంది, గ్రాంటు కూడా వస్తుంది. నేనూ వద్దనను. ఒకే ఒక్క షరతు: ఈ ఏడాది తొక్కతో చేసిందీ వచ్చే ఏడాది తొక్కతో చేసిందీ ఒకేలా పనిచేస్తాయని చూపించమనండి. తొక్కలో సహజంగా ఉండే ఇనుమూ మాంగనీసూ ఎంతో ముందు కొలవమనండి. ఈ రెండూ చేసిన ప్రాజెక్ట్ రిపోర్టు ఇంతవరకూ నా చేతికి రాలేదు.

కేంద్రానికి ఏం కావాలి? భయపడేంత ఏమీ లేదు. పెద్ద కరెంటు మీద నెలల తరబడి నడపడానికి లక్షల ఖరీదు పొటెన్షియోస్టాట్ (వోల్టేజీని కచ్చితంగా అదుపు చేసే ల్యాబు పరికరం) అక్కర్లేదు. పూత పూసే షాపుల్లో వాడే రకం డీసీ సప్లై, స్థిరంగా కరెంటు ఇచ్చేది, సెల్‌కి ఒకటి చొప్పున. వోల్టేజీ రాసుకునే డేటా లాగర్. ప్లాస్టిక్, టెఫ్లాన్ సెల్స్. ఉష్ణోగ్రత పట్టి ఉంచే తొట్లు. శుద్ధి చేసిన నీరు. హైడ్రోజన్ గాల్లో 4 శాతం దాటితే అంటుకుంటుంది కాబట్టి పైకప్పు దగ్గర గాలి పోయే ఏర్పాటు, సెన్సర్లు, వీటిలో మాత్రం పిసినారితనం వద్దు. ఖరీదైనది ఒక్కటే, ద్రావణంలోకి ఎంత లోహం కరిగిందో అతి సూక్ష్మంగా కొలిచే ఐసీపీ–ఎంఎస్ యంత్రం. కెటలిస్ట్ చచ్చిపోతోందని వోల్టేజీ చెప్పేలోపే ఇది చెప్పేస్తుంది. మూడు విశ్వవిద్యాలయాలు కలిసి ఒక్కటి కొనొచ్చు. ఎవరికి వాళ్లు మరో మైక్రోస్కోప్ కొనడం ఆపితే చాలు.

డబ్బు మాట. 2023 జనవరి 4న ఆమోదం పొందిన జాతీయ మిషన్ మొత్తం 19,744 కోట్లలో పరిశోధనకి 400 కోట్లు పెట్టారు. పరీక్షా సౌకర్యాలకి విడిగా 200 కోట్ల పథకం మార్గదర్శకాలు 2024లో వచ్చాయి. అలాంటి పథకాలకి పెద్ద ఐఐటీలు, జాతీయ ల్యాబులు వరుస కడతాయి, వాళ్లతో కొత్త కెటలిస్టుల్లో పోటీ పడి మనం గెలవలేం. ‘మేం కనిపెట్టం, అందరివీ పరీక్షిస్తాం’ అని వెళ్లే వాళ్లు తక్కువ. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2024 క్లీన్ ఎనర్జీ విధానంలో హైడ్రోజన్‌కి పెద్ద పీట వేసింది. భూములు, రాయితీలు అడిగేవాళ్లు దాని చుట్టూ చాలామందే ఉన్నారు. ఒక గది, కొన్ని సెల్స్, నలుగురు మనుషులు అడగడానికి మీరు మొహమాట పడొద్దు.

ఇంతకంటే కష్టమైనది మీ చేతిలోనే ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదు. పీహెచ్‌డీ నిబంధనలు. మా దగ్గర చదివి బయట రీసెర్చిలో చేరిన ఒక కుర్రాడు తన కెటలిస్ట్ ఆరు వందల గంటల దగ్గర ఎందుకు కూలిపోయిందో చక్కగా తేల్చాడు. ఏ లోహం ఎప్పుడు కరిగిందో, పూత ఎక్కడ లేచిపోయిందో అన్నీ ఉన్నాయి. ‘ఫలితం నెగెటివ్, పేపరు పడదు, టాపిక్ మార్చు’ అన్నారు గైడు. రెండేళ్లు మట్టిలో కలిశాయి. ఏ సంస్థో అనవసరం, ఎక్కడైనా ఇదే జరిగేది. మీ మూడు విశ్వవిద్యాలయాల్లో ఒక నియమం పెట్టండి: ఈ కేంద్రంలో వెయ్యి గంటలు నడిపి, ద్రావణ విశ్లేషణతో సహా ఇచ్చిన రిపోర్టు, నెగ్గినా ఓడినా, ఒక పేపరుతో సమానం. పిల్లల టెన్షన్ సగం తగ్గిపోతుంది. అబద్ధపు గ్రాఫులు కూడా తగ్గుతాయి.

కేంద్రం ఫలితాలన్నీ బయట పెట్టాలి, ఎవరి కెటలిస్ట్ అయినా, అది మీ సొంత ప్రొఫెసర్లదైనా. ఈ ఒక్క విషయంలో వెసులుబాటు ఇచ్చారంటే ఆ కేంద్రం ఇచ్చే సర్టిఫికెట్‌కి విలువ ఉండదు, పూడిమడక వాళ్లు దాన్ని చూడను కూడా చూడరు. అన్నట్టు, వాళ్లతో మీరు మాట్లాడేటప్పుడు ఎన్ని ఉద్యోగాలిస్తారని అడగడంతో ఆపకండి. మీ యంత్రం రోజుకి ఎన్నిసార్లు ఆగుతుంది, ఏ ఉష్ణోగ్రతలో నడుస్తుంది, నీటిలో ఏ మలినం ఎంత వరకు ఒప్పుకుంటారు అని అడగండి. ఆ అంకెలు వస్తే మా పరీక్షలు వాటి ప్రకారమే పెట్టుకుంటాం. ఆ పరీక్షలు చేసిన పిల్లల్ని ఉద్యోగాల కోసం ఎవరూ సిఫార్సు చేయనక్కర్లేదు.

మొదలుపెట్టడానికి కొత్త కెటలిస్ట్ కూడా అవసరం లేదు. మార్కెట్లో దొరికే మామూలు నికెల్ మెష్ కొనండి. 30 శాతం క్షారంలో, 80 డిగ్రీల దగ్గర, ఇనుము తీసేసిన ద్రావణంలో కొన్ని సెల్స్, తీయనిదాంట్లో కొన్ని సెల్స్ పెట్టి వెయ్యి గంటలు నడపండి. రోజూ సాయంత్రం ఆరింటికి ఆపి పొద్దున ఆరింటికి మొదలెట్టే జత ఇంకొకటి. ఆ వోల్టేజీ లెక్కలు వారం వారం మూడు విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో పెట్టండి. తర్వాత వచ్చే ప్రతి కెటలిస్ట్‌నీ వాటి పక్కన పెట్టి చూడొచ్చు. క్షారం శుద్ధి చేసే పని మా కాలేజీ పిల్లలు చేసిపెడతారు, నేర్చుకున్నారు. సీసాలు, సెంట్రిఫ్యూజ్ మావే. మీరు ముగ్గురూ కూర్చునే తేదీ చెబితే ద్రావణం పట్టుకుని మేమే వస్తాం.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ అధ్యాపకుడు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా